పెద్దమ్మ మైల కంప్యూటర్

మానిటర్ మీద తగిలించిన కెమెరాలో పచ్చటి చుక్క వెలుగుతోంది. నేను చింతపండు పిసుకుతూ, పిల్లల చప్పుడు లేదేమిటా అని వంటింటి గడపలోంచి తల బయటపెట్టినప్పుడు కనపడింది. కుర్చీలో ఎవరూ లేరు. తెర మీద నేను సగంలో వదిలేసిన ఆరో తరగతి ప్రశ్నపత్రం అలాగే ఉంది. కెమెరాకు సరిగ్గా ఎదురుగా చాప పరుచుకుని, పిల్లలిద్దరూ బోర్లా పడుకుని రంగులేసుకుంటున్నారు. ఆ కెమెరాను నేను తెరవలేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. అయినా అది పిల్లల్ని చూస్తోంది.

చింతపండు చేతులతోనే పోయి గోడకున్న స్విచ్చు ఆపేశాను. చుక్క ఆరిపోయింది. దాంతోపాటు పొద్దుటి నుంచి టైపు చేసిన ప్రశ్నపత్రం కూడా పోయింది.

"ఎవరే దీంట్లో ఏదో ఏసింది?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

నాలుగో తరగతి చదివే లహరి తలెత్తలేదు. "నేను కాదు" అంది. ఒకటో తరగతి చదివే చిన్నోడు అక్క వైపు చూసి, నా వైపు చూసి, "నేను కూడా కాదు" అన్నాడు. తర్వాత వాడే ఉపాయం చెప్పాడు.

"మా, ఆళ్లగడ్డ అవ్వకు ఫోన్ చెయ్ మా. అవ్వ అయితే బేగా జెప్తాది."

"అవ్వ పండుకునింటాది" అన్నాను.

బయట ఇంకా ఎండ ఉంది. ఈ వేళప్పుడు అవ్వ పడుకోవడమేమిటన్నట్టు లహరి అప్పుడు తలెత్తి చూసింది. మళ్లీ రంగులేసుకోవడం మొదలుపెట్టింది.

ఆళ్లగడ్డ అవ్వ చనిపోయి నెల దాటింది. నిన్నటిదాకా పిల్లలకు నేను చెప్పలేదు. కబురు వచ్చిన రోజు, సర్టిఫికెట్ పని మీద కాలేజీకి పోయి వస్తానని చెప్పి, పిల్లల్ని పక్కింట్లో వదిలి, ఒక్కదాన్నే నంద్యాల బస్టాండులో బస్సెక్కాను. ఆమెను చూసి సాయంత్రానికి తిరిగొచ్చాను. చిన్నోడికి జ్వరం తగ్గాక చెబుదామనుకున్నాను. లహరి పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను. చావు అనే మాటను ఇంట్లోకి నా చేత్తో నేనే తెచ్చినట్టవుతుందని భయం. నాకు ఇలాంటి భయాలు చాలా ఉన్నాయి. మా ఆయన నవ్వుతుంటాడు.

ఇదంతా నిన్నటి సంగతి. పిల్లలు నిద్రపోయారు. ఆమె గురించి రాయాలని నెల రోజులుగా అనుకుంటూ ఇప్పుడు కూర్చున్నాను.

నేను ఆమెను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. చుట్టం కాదు. ఆళ్లగడ్డలో వాళ్ల మిద్దె మీద మేము బాడుగకు ఉండేవాళ్లం. కింద ముందుభాగమంతా అంగడి. పప్పులు, బెల్లం, నూనె డబ్బాలు. వెనక ఇల్లు. పెద్దనాయన గల్లా ముందు కూర్చునేవాడు. పెద్దమ్మ అంగడికీ ఇంటికీ మధ్య గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, అటు బేరమూ ఇటు పొయ్యీ రెండూ చూసేది. లావుపాటి కళ్లద్దాలు. వాటికి ఒకవైపు కాడ విరిగితే దారం చుట్టింది. కొత్తవి కొనమంటే, "కండ్లు కనపడతాండాయి గదా, కాడతో ఏం పని?" అనేది.

ఆ ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. గల్లా పక్కనున్నది మడి కంప్యూటర్. దాన్ని బిల్లులకు తప్ప ఇంకదేనికీ ముట్టుకోకూడదు. రెండోది పాతది, వెనక కొట్టుగదిలో బెల్లం బుట్టల పక్కన ఉండేది. దాని పేరు మైల కంప్యూటర్. దానికి నెట్ వైరు కూడా ఇచ్చేది కాదు. ఊళ్లో ఎవరికైనా ఉచితంగా దొరికే చిన్న చిన్న ప్రోగ్రాములు కావాలంటే, అవి ముందు పెద్దమ్మ మైల కంప్యూటర్‌లో కొన్నాళ్లుండాలి. పీడీఎఫ్‌లు అతికించేది, ఒకే ఫోటో రెండు చోట్లుంటే వెతికి పెట్టేది, వెలుతురు తగ్గించేది, తెర మీద పెద్ద గడియారం చూపించేది. ఇలాంటివి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయే పెన్‌డ్రైవులు కూడా వేరు. మడి పెన్‌డ్రైవుకు పసుపు దారం కట్టి ఉండేది. ఒకసారి పెద్దనాయన తెలియక దాన్ని మైల కంప్యూటర్‌కు తగిలిస్తే, పెద్దమ్మ దాన్ని మూడు రోజులు దూరంగా కిటికీలో పెట్టింది.

నిజం మడి ఆమె ఏడాదికి ఎన్నడో ఒకసారి కట్టుకునేది. మనుషులతో అంటూ సొంటూ ఆమెకు లేవు. అంగట్లో మూటలు దించే వాళ్లతో కలిసి అదే పీట మీద కూర్చుని టీ తాగేది. మడి అంతా కంప్యూటర్ల దగ్గరే.

ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. బిల్లుల కంప్యూటర్ పెట్టించిన కొత్తలో దాన్ని వచ్చీపోయే వాళ్లంతా ముట్టుకుని పాడుచేశారట. అప్పటి నుంచే ఈ పట్టుదల అని పెద్దనాయన అనేవాడు. ఇంగ్లీషు ఆమె కూడబలుక్కుని చదివేది. చిన్న అక్షరాలు చదవడానికి నన్ను పిలిచేది. నేను అప్పుడు బీకాం కంప్యూటర్స్ చదువుతున్నాను.

"అంతా చదవల్లా పెద్దమ్మా?"

"సంబంధం మాట్లాడను పోయినప్పుడు సగం మాటలిని లేచొస్తారామే? చదువు."

నేను చదువుతుంటే ఆమె శనగపప్పులో రాళ్లు ఏరుతూ వినేది. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగేది. "ఈడ మళ్లీ చదువు" అనేది. ఎప్పుడూ అది ఒకటే చోటు. ఆ ప్రోగ్రాము చేసినవాడు ఎలా బతుకుతున్నాడో చెప్పే చోటు.

"ఉత్తగా ఇస్తాండాడు గదా. మరి వానికి కూడు యాడిది?"

వాడు తన పేజీలో ఎక్కడైనా, నచ్చితే ఏదో ఒకటి సాయం చేయండి అని అడిగి ఉంటే పెద్దమ్మ ముఖం తేటపడేది. "అడుక్కుంటాండాడు. అయితే మంచోడే" అనేది. ఏమీ అడగని వాళ్లంటేనే ఆమెకు అనుమానం. "ఏమీ వద్దంట! అంగడి పెట్టుకోని ఏమీ వద్దనేటోడు ఉంటాడామే? నోటితో అడగలేదంటే యాడో చేత్తో తీస్కుంటాండాడని."

ప్రోగ్రామును వేసిన తర్వాత ఎవరైనా ముందు అది ఏం చేస్తుందో చూస్తారు. పెద్దమ్మ అలా కాదు. వేయడం, వెంటనే పొమ్మనడం. అది పని చేస్తుందో లేదో కూడా చూడకుండా తీసేసేది. ఇదేం పద్ధతని నేను నవ్వితే, "వచ్చేటప్పుడు అందరూ నగుతానే వస్తారు. పొమ్మంటే ఎట్లా పోతారో సూడల్ల" అంది.

పొమ్మన్నప్పుడు కొన్ని మాట్లాడకుండా పోయేవి. కొన్ని, ఎందుకు పొమ్మంటున్నారు, మేమేం తప్పు చేశాం అని ఒక కిటికీ తెరిచేవి. "సూడు, ఏడుస్తాంది" అనేది పెద్దమ్మ. కొన్ని పోయినట్టే పోయి, లోపలెక్కడో ఒక ఫోల్డరు వదిలి పెట్టేవి. దాన్ని వెతికి పట్టుకున్నప్పుడు ఆమె ఆనందం చూడాలి. "పోయింది గానీ, చెంబు మర్చిపాయె. మళ్లా రావాలని" అని నవ్వేది. శుభ్రంగా పోయినదాన్ని మాత్రమే మళ్లీ పిలిచేది. అప్పుడు కూర్చోబెట్టి పని చెప్పేది.

ఊళ్లో జిరాక్స్ అంగళ్ల వాళ్లు, ఫోటో స్టూడియో అన్న, బడి ఆఫీసులో గుమాస్తా, అందరూ అంగడికి వచ్చి పప్పు కట్టించుకుంటూ మధ్యలో, "పెద్దమ్మా, అది ఏస్కోవచ్చునా?" అని అడిగేవాళ్లు. పెళ్లికి ముహూర్తం అడిగినట్టు ఉండేది. "ఇంగా సూస్తాండా, తొందరేముంది" అనేది. ఒక్కోసారి "ఏస్కోండి" అనేది. ఆ ఒక్క మాట చాలు, సాయంత్రానికి ఊరంతా వేసుకునేది.

అలా ఊరంతా వేసుకున్నది ఒకటి ఉంది. ఫోటో సైజు తగ్గించేది. ఉద్యోగాల దరఖాస్తులకు ఫోటో ఇంతకు మించి ఉండకూడదని అంటారు కదా, దానికి. చాలా చిన్నది, చక్కగా పని చేసేది. పెద్దమ్మ దాన్ని ఎంతగా మెచ్చుకుందంటే, చేసినవాడి ఊరెక్కడో కనుక్కోమని నన్ను అడిగింది. ఏదో దూరదేశం. "పాపం, పిల్లోడు సన్నగా ఉంటాడేమో" అంది.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం స్టూడియో అన్న మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, నీ పుణ్యమా అని నా పరువు పాయె. పెండ్లికూతురు, వాళ్ల నాయన ఎదురుగా కూసోని ఫోటోలు సూస్తాండారు. తెర మీద పేకాట బొమ్మలు! మూస్తే ఇంగోటి వస్తాంది. మూస్తే ఇంగోటి. ఆయన నన్ను ఎగాదిగా సూసి పాయె. పొద్దుగూకులూ పేకాడేటోడి దగ్గరికి వచ్చినామనుకున్నాడో ఏమో."

"యాడ మేసొచ్చినావో! నా దాంట్లో అట్లాంటివి లేవు."

"నువ్వు జెప్పినదాంట్లో నుంచే వచ్చినాయి. ఒట్టు."

పెద్దమ్మ లేచి కొట్టుగదిలోకి పోయింది. మైల కంప్యూటర్ ఆన్ చేసింది. ప్రోగ్రాము తెరిచింది, మూసింది, పొమ్మంది. అది చక్కగా పోయింది. మళ్లీ పిలిచింది. పేకాట లేదు, ఏమీ లేదు. "సూడు, ఎట్లుందో! గంగి గోవు" అంది స్టూడియో అన్నతో. ఆయన తల గోక్కున్నాడు. కానీ ఆయన పోయిన తర్వాత పెద్దమ్మ పీట మీద కూర్చోలేదు. చెప్పులేసుకుంటూ నన్ను రమ్మంది.

బస్టాండు దగ్గర జిరాక్స్ అంగట్లో పని చేసే అమ్మాయికి నా వయసే ఉంటుంది. మమ్మల్ని చూడగానే ఆమె చెయ్యి మౌసు మీద నుంచి తీసేసింది. ఆమె తెర మీద కూడా పేకాట బొమ్మలే.

"నేనేం నొక్కలేదు. దానంతటదే వచ్చె" అంది. అంగడి యజమాని పక్కనే ఉన్నాడు. "నువ్వు నొక్కకుండా ఎట్లా వస్తాది? పొద్దస్తమానం ఏదో ఒకటి నొక్కుతానే ఉంటావు" అన్నాడు. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమప్పా, చన్నీళ్లు తెప్పిస్తావా లేదా? ఎండన పడి వచ్చినాం" అంది పెద్దమ్మ. యజమాని సీసా పట్టుకుని లేచాడు. అతడు బయటకు పోయేదాకా ఆగి, పెద్దమ్మ స్టూలు ఆ అమ్మాయి పక్కకు జరుపుకుంది. తెర వైపు చూస్తూ, మామూలుగా, పప్పు ధర అడిగినట్టు అడిగింది.

"నువ్వేం జేసినావని కాదు పాపా. అదేమడిగింది?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "అప్‌డేట్ చేసుకుంటావా అనడిగింది."

"నువ్వేం జెప్పినావు?"

"ఊఁ అన్నా. మంచిదే గదా అని."

"మంచిదే" అంది పెద్దమ్మ. "నేనైనా ఊఁ అంటాంటి."

అంతే. ఆమె ఆ స్టూలు మీద అలాగే ఉండిపోయింది. నాకూ అప్పుడే అర్థమైంది. మైల కంప్యూటర్‌కు నెట్ లేదు. కాబట్టి అక్కడున్న ప్రోగ్రాము ఆమె మెచ్చుకున్న రోజు ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంది. నెట్ ఉన్న ప్రతి అంగట్లోనూ అది మారిపోయింది. చేసినవాడు దాన్ని ఎవరికో అప్పగించాడో, వాడే మారాడో తెలియదు.

దారిలో ఆమె ఒకటే మాటంది. "ఊరంతా మైలపడింటే, నా మైల కంప్యూటర్ ఒకటే మడిగా ఉండిపాయె సూడు."

ఇంటికొచ్చి పెన్‌డ్రైవులో పాత ప్రోగ్రామును ఎక్కించమంది. కొత్తది తీసేసి, పాతదాన్ని పెట్టి, అది మళ్లీ అడగకుండా లోపల ఒక గుర్తు తీసేయాలి. ఇది ప్రతి కంప్యూటర్‌లోనూ చేయాలి. పెద్దనాయనకు కోపమొచ్చింది.

"నువ్వేమన్నా అమ్మినావా? ఉత్తదే గదా వాళ్లు తీస్కునింది!"

"ఉత్తదే. నేను బాగుందంటేనే గదా తీస్కునింది. మన అంగట్లో నుంచి పురుగుపట్టిన కందిపప్పు పోయింటే వెనక్కి తెచ్చుకోవా? ఇదీ అంతే."

అది ఎండాకాలం. కొంగు నెత్తిన వేసుకుని ఆమె ముందు, పెన్‌డ్రైవు పట్టుకుని నేను వెనక, అంగడి అంగడికీ తిరిగాం. ప్రతిచోటా ఒకటే మాట. "నేను బాగుందని జెప్పినా. ఇప్పుడు బాగలేదు. తీస్కపోను వచ్చినా." కొందరు, "ఉండనీలే పెద్దమ్మా, పని జరుగుతాంది గదా" అనేవాళ్లు. అప్పుడు ఆమె వాదించేది కాదు. చెప్పులిప్పి కూర్చునేది. ఆమె అంత తీరిగ్గా కూర్చుంటే బేరాలు ఆగిపోతాయి. కాసేపటికి వాళ్లే లేచి నాకు కుర్చీ ఇచ్చేవాళ్లు.

చివరికి ఎదురంగడి ఒకటి మిగిలింది. అదీ పప్పుల అంగడే. వాళ్లకూ వీళ్లకూ మాటల్లేవు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, నేను ఆ మిద్దె మీద ఉన్నన్నాళ్లూ మాటల్లేవు. రోడ్డు దాటేముందు పెద్దమ్మ ఆగింది.

"నువ్వు పో" అంది. నేను రెండడుగులు వేశాక, "వద్దులే, నేనే వస్తా" అంది.

ఎదురంగడి శెట్టి త్రాసు మీంచి తలెత్తి చూశాడు. "ఏందీ, శెట్టెమ్మ దావ తప్పి వచ్చినట్టుందే!"

"దావ తప్పలేదు. నేను ఊరికి జెప్పిన మాట తప్పాయె. మీ కంప్యూటర్‌లో అది ఉంటే తీసేసి పోతా."

"నీ మాట మీద మేమెప్పుడు ఏస్కుంటిమి?"

లోపలి నుంచి ఆయన కోడలు బయటికి వచ్చింది. "ఏస్కున్యాం మామా" అంది నెమ్మదిగా. "అందరూ బాగుందంటాంటే నేనే ఏసినా."

శెట్టి కోడలి వైపు, పెద్దమ్మ వైపు, మళ్లీ త్రాసు వైపు చూశాడు. నేను పని చేస్తున్నంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దమ్మ అక్కడి కందిపప్పు నాలుగు గింజలు చేతిలోకి తీసుకుని, నలిపి చూసి, మళ్లీ మూటలో వేసింది. మేం లేచాక ఆయన, "మజ్జిగ తాగి పోండి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. పెద్దమ్మ తాగింది. బయటికి వచ్చాక, "ఉప్పెక్కువాయె" అంది. కానీ గ్లాసు ఖాళీ చేసే లేచింది, నేను చూశాను.

ఆ తర్వాత కూడా అంగడికి వచ్చి అడిగేవాళ్లు తగ్గలేదు. పెరిగారు. మైల కంప్యూటర్‌కు నెట్ వైరు వచ్చింది. నెలకొకసారి, బాగుందని తాను చెప్పినవన్నీ మళ్లీ తెరిచి చూసేది.

పెళ్లై నంద్యాల వచ్చాక నేను ఇంట్లో కూర్చుని బడులకు ప్రశ్నపత్రాలు టైపు చేసే పని పెట్టుకున్నాను. ఏది వేసుకోవాలన్నా ఆళ్లగడ్డకు ఫోన్ చేసేదాన్ని. పిల్లలు పుట్టాక ఆ ఫోను వాళ్లది అయిపోయింది. చిన్నోడు గడియారం ప్రోగ్రాములో కోడి కూత పెట్టించాలని అడిగితే, ఆమె నాలుగు రోజులు చూసి, "కోడి మంచిదే గానీ, గడియారం మంచిది కాదప్పా" అని చెప్పింది. లహరి అయితే తలుపు వేసుకుని మాట్లాడేది. ఏం మాట్లాడేవాళ్లో నాకు తెలియదు. ఒకసారి విందామని తలుపు దగ్గర నిలబడితే, పెద్దమ్మ గొంతు ఫోనులో గట్టిగా వినపడింది. "మీ యమ్మ తలుపు కాడ ఉంటాది సూడు పాపా." పాప పకపకా నవ్వింది.

చివరిసారి నాతో మాట్లాడినప్పుడు కళ్లు బాగా మందగించాయని చెప్పింది. "అచ్చరాలు పెద్దవి చేసేది ఒకటి సూస్తాండా. ఒక్కో అచ్చరం ఎద్దంత ఉంది. పొమ్మనాలంటే ఆ బొత్తామే కనపడకుండా ఉంది నాకు" అని నవ్వింది.

నేను పోయేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టారు. కళ్లద్దాలు తీసేశారు. అవి లేకుండా ఆమె ముఖాన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఎవరో వేరే మనిషి అనిపించింది. అంగడి తలుపులు మూసి ఉన్నాయి. ఎదురంగడి తలుపులు కూడా మూసి ఉన్నాయి. శెట్టి మా వైపు మెట్ల మీద, మగవాళ్ల మధ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

నిన్న సాయంత్రానికి మళ్లీ వస్తాను. మా ఆయన పని బేతంచెర్లలో, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో. వారానికొకసారి వస్తాడు. ఫోన్ చేస్తే, "ఆదివారం వచ్చి అంతా తుడిచేసి కొత్తగా ఏస్తాంలే, ఏడవొద్దు" అన్నాడు. అది సరే. కానీ దాంట్లో ఏముందో, అది పిల్లలను ఎన్నాళ్ల నుంచి చూస్తోందో, ఏం తీసుకుందో నాకు తెలియాలి. అది లహరి నోటి నుంచే రావాలి. నేను ఇంకోసారి అరిస్తే అది రాదని కూడా తెలుసు. పాప నేను అడిగినప్పుడల్లా "కాదు" అంటోంది, ప్రతిసారీ ఆ "కాదు" ఇంకా గట్టిపడుతోంది.

అన్నాలు తిన్నాక చిన్నోణ్ణి పళ్లు తోముకోమని పంపాను. చాప మీద లహరి పక్కన కూర్చున్నాను. పాప వేసిన బొమ్మ చూస్తూ అడిగాను.

"నువ్వేం జేసినావని కాదు. అదేమడిగింది?"

పాప చేతిలోని స్కెచ్ పెన్ ఆగింది. దానికి మూత పెట్టి చెప్పింది.

"కెమెరా తెరవమంటావా అనడిగింది."

"ఊఁ."

"ఊఁ అన్నా. తెరిస్తేనే కదా పిల్లి చెవులు వచ్చేది. మొహం మీద పిల్లి చెవులు, మీసాలు. మా బళ్లో అందరూ ఏస్కున్యారు."

"ఇంకేమడిగింది?"

"పేరడిగింది. జెప్పినా. ఏ బడి అనడిగింది. జెప్పినా. ఫోన్ నంబరు అడిగింది." పాప నా వైపు చూసింది. "నీ నంబరు చివర్లో మర్చిపోయినా. అందుకని మూసేసినా."

చేతులు ఒళ్లో గట్టిగా పెట్టుకున్నాను. "సరే" అన్నాను. అంతకుమించి ఏదన్నా అంటే అరుపే వచ్చేది.

నెట్ వైరు పీకి, కంప్యూటర్ ఆన్ చేశాం. పచ్చ చుక్క మళ్లీ వెలిగింది. లహరి గబుక్కున తన నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి కెమెరా కంటికి అంటించింది. ఇద్దరం కలిసి దాన్ని వెతికాం. పిల్లి బొమ్మ వెనక వేరే పేరుతో దాక్కుని ఉంది. పొమ్మన్నాం. నిజంగా పొమ్మంటారా, పిల్లి ఏడుస్తుంది అని ఒక కిటికీ తెరిచింది. కన్నీళ్లు కారుస్తున్న పిల్లి. లహరి నా చెయ్యి పట్టుకుంది. అవునని నొక్కింది తనే. చుక్క ఆరిపోయింది.

అది ఇంకేమైనా వదిలిపోయిందేమో వెతికాను. ఒక ఫోల్డరు దొరికింది, తీసేశాను. అది తీసుకుపోయింది ఏమిటో నాకు ఎప్పటికీ తెలియదు. సోమవారం బడికి పోయి టీచరుతో మాట్లాడాలి, మిగతా తల్లులకు కూడా చెప్పాలి.

పడుకోబోతూ లహరి అంది. "నువ్వు కొడతావని జెప్పలేదు మా."

"కొట్టలేదు గదా."

"ఊఁ. నేను జెప్పేసినా కదా, ఇంగ పొద్దున్నే అవ్వకు ఫోన్ చెయ్యి. పిల్లి సంగతి నేనే అవ్వకు జెప్తా. అవ్వ నగుతాది."

"పొద్దున చూస్తాం" అన్నాను.

ఈ రోజు పొద్దున నేను దోసెలు పోస్తుంటే లహరి నా ఫోను పట్టుకొచ్చింది. అవ్వ నంబరు తీసి పెట్టుకుని, నొక్కడానికి నా అనుమతి కోసం చూస్తోంది. చిన్నోడు తన వంతు కోసం అక్క వెనక నిలబడ్డాడు. నేను పొయ్యి ఆపి, ఫోను తీసుకుని పక్కన పెట్టి, కింద కూర్చున్నాను. వాళ్లనూ కూర్చోమన్నాను.

"అవ్వ లేదు" అన్నాను.

"యాడికి పోయింది?" అన్నాడు చిన్నోడు.

"చచ్చిపోయింది నాయనా. మిమ్మల్ని పక్కింట్లో వదిలి నేను కాలేజీకని పోయినా చూడు, ఆ రోజు. కాలేజీ పని కాదు. అవ్వను చూడను పోయినా."

లహరి లెక్క చేస్తున్నట్టు కళ్లు చిన్నవి చేసింది. "నిన్న పండుకునింటాదని అంటివే?"

"అబద్ధం జెప్పినా."

"ఎందుకు?"

"నాకు భయమేసింది. మీరు ఏడిస్తే నేను ఏం జేయాలో నాకు తెలీదు." చిన్నోడి కింది పెదవి అప్పటికే వణుకుతోంది. "ఇప్పుడు కూడా తెలీదు. ఏడుపొస్తే ఏడవండి. దోసెలు తర్వాత పోస్తా. నేను ఈడనే కూసోనుంటా."